చేప చెవిలో ఆ సాయంత్రం

పొద్దున్నే చేపల మార్కెట్లో మొదట వినబడేది బేరాలు కాదు, పొలుసు గీకే చప్పుడు. అమ్మేవాళ్లు గంపలు దింపుకుని, ఐసు గడ్డలు పగలగొట్టుకుని, గొంతులు సవరించుకునేలోపే బయటికెళ్లే దారి పక్కన ఆమె కత్తిపీట వాల్చుకుని కూర్చునేది. అక్కడ కొనేది ఒకచోట, కోయించుకునేది ఇంకోచోట. కొన్నవాళ్లు చేపని తెచ్చి ముందు పడేస్తే ఆమె అడిగే ప్రశ్నలు మూడే. కూరకా, వేపుడుకా? తలకాయ ఉంచాలా, తీసెయ్యాలా? రాయి ఇప్పుడే వింటారా, తడిగుడ్డలో మూటగట్టి ఇవ్వనా?

చేప తలలో మెదడుకి అటొకటి, ఇటొకటి రెండు చెవిరాళ్లుంటాయి. మూడేళ్లు నిండిన చేపకి బియ్యపు నూకంత, పెద్దదానికి కందిబద్దంత. అంతకన్నా చిన్న చేపలకి ఇసకరేణువులా ఉంటుంది, పనికిరాదు. రాయిని తడారకముందే చెవిలో పెట్టుకుంటే, ఆ చేప పక్కన ఎవరేం మాట్లాడారో అదంతా వినిపిస్తుంది. రాయి పొరలు పొరలుగా పెరుగుతుంది కాబట్టి నిన్నటి మాట ముందు వస్తుంది, ఏళ్లనాటి మాట చివర్న వస్తుంది. ఒక రాయి ఒక్కసారే పలుకుతుంది. మధ్యలో చెవిలోంచి తీశారా, ఇక అది గులకరాయే. ఇంకో సంగతి, చేపకి అబద్ధం వినపడదు. ఎన్నికలప్పుడు ఒకాయన వంతెన మీద నిలబడి గంటన్నర ఉపన్యాసం దంచాడు. తర్వాత ఆ వంతెన కింద పట్టిన చేపల రాళ్లలో మైకు గోకిన చప్పుడు, ఆయన దగ్గు తప్ప ఏమీ దొరకలేదు. దగ్గు మాత్రం నిజమేనని ఊరంతా ఒప్పుకున్నారు.

ఆ మార్కెట్లో తాతల నాటినుంచీ ఒక పద్ధతి ఉంది. మాంసమంతా తెచ్చినవాళ్లది. రెండు రాళ్లలో ఒకటి తెచ్చినవాళ్లది, ఒకటి కోసినవాళ్లది. ఉంగరం ఎక్కడ జారిపోయిందో తెలుసుకోవాలనుకునేవాళ్లు, వియ్యాలవారు తమ గురించి గట్టు మీద ఏమనుకున్నారో వినాలనుకునేవాళ్లు తమ రాయిని అక్కడే చెవిలో దోపుకుని, సంచీ పట్టుకుని నవ్వుకుంటూనో గొణుక్కుంటూనో వెళ్లిపోయేవాళ్లు.

ఆమె ఈ పనిలోకి వచ్చిందే ఆ రెండో రాయి కోసం. లేకపోతే అద్దాల తలుపులున్న కళ్లజోళ్ల షాపులో, ఫ్యాను కింద నిలబడి, ఏ ముక్కుకి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పుకుంటూ బతికే పిల్ల పేగులు లాగడానికి ఎందుకొస్తుంది? మార్కెట్లో ఆమెని కత్తిపీట అనే పిలిచేవాళ్లు. పనిని బట్టా, నోటిని బట్టా అంటే రెండూనూ.

అసలు జరిగింది చాలా చిన్న విషయం. ఏడేళ్ల కిందటి మాట. వాళ్లమ్మ కలుపు కూలీ. వరి నాటిన రెండు నెలలూ రోజంతా నడుం వంచి, బురదలో గడ్డి పీకే పని. ఒకరోజు కూతురు క్యారేజీ మర్చిపోయి షాపుకి వెళ్లింది. అమ్మ మధ్యాహ్నం పని మధ్యలో లేచి, ఇంటికెళ్లి, ఆ క్యారేజీ పట్టుకుని మోకాళ్ల దాకా బురదతో షాపులోకి వచ్చేసింది. తెల్లటి నేల. లోపల ఇద్దరు కొనేవాళ్లు. కూతురు గబగబా ఎదురెళ్లి, క్యారేజీ లాక్కుని, గొంతు తగ్గించి అంది.

"ఇలా బురద కంపుతో ఇక్కడికి రాకమ్మా. నాకు తలకొట్టేసినట్టుంటుంది."

అమ్మ "సర్లే" అంది. వెళ్లిపోయింది. నేలమీద అడుగులు కూతురే తుడిచింది. ఆ రోజు షాపుకి కొత్త సరుకొచ్చి, అవన్నీ సర్దేసరికి ఆలస్యమైంది. ఇల్లు చేరేసరికి అమ్మ నిద్రపోతోంది. పొద్దున్న మంచిగా మాట్లాడదాంలే అనుకుంది. తెల్లారాక అమ్మ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

అమ్మ కోపంగానే పోయిందా? ఆమెకి తెలియాల్సింది అదొక్కటే. పని దిగాక అమ్మ ఎప్పుడూ కాలువ తూము దగ్గర కూర్చుని కాళ్లు కడుక్కునేది. కడుక్కుంటూ కాలువతో మాట్లాడేది. ఇంట్లో చెప్పుకోలేనివి, చెప్పినా ఎవరూ వినరనుకున్నవి అక్కడ చెప్పుకునేది. ఆ సాయంత్రం కూడా కడుక్కుని ఉంటుంది, ఏదో ఒకటి అనే ఉంటుంది. దాన్ని విన్న చేప ఆ కాలువలో ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. అది తన కత్తి కిందికి రావాలి.

తొలి ఏళ్లలో అమ్మ తరచుగానే దొరికేది. ఒక చేపలో కాల్లో దిగిన ముల్లుని తిడుతోంది. ఒకదాంట్లో కొడుకు దగ్గు తగ్గట్లేదని బెంగపడుతోంది. ఒకసారి ఆ ముందురోజు సాయంత్రం దొరికింది. "పిల్లకి రేపు క్యారేజీలో గుడ్డు పెట్టాలి, ఎండిపోతోంది" అంటోంది అమ్మ. ఆ రోజు ఆమె ఇంకో చేప ముట్టలేదు. కొనుక్కున్నవాళ్లు వరసలో నిలబడి విసుక్కుని, ఎవరి చేప వాళ్లు పట్టుకుపోయారు. ముందురోజు దొరికింది, ఆ రోజు మాత్రం దొరకలేదు; ఆ సాయంత్రం ఆ చేప తూము దగ్గర లేదు కాబోలు.

ఇక దొరుకుతుందన్న ఆశ కూడా పోతోంది. అమ్మ గొంతు వినాలంటే చేపకి ఏడేళ్లు దాటాలి. వస్తున్న చేపలు చూస్తే రెండేళ్లవి, ఏడాదివి. పొలుసు మీద కూడా ఏటికో గీత ఉంటుంది, లెక్కపెట్టడం ఆమెకి కళ్లు మూసుకున్నా వచ్చు. మూడో గీత పడిన చేప అపురూపమైపోయింది. డాక్టరుకి లోపలి సంగతి యంత్రం చెబుతుంది, ఈమెకి కత్తిపీట చెబుతుంది. నెత్తురులా ఎర్రగా ఉండాల్సిన మొప్పలు వాచిపోయి, బూడిదరంగు జిగురు కట్టి వస్తున్నాయి. కార్జం పాలిపోయి, మచ్చలు మచ్చలుగా, వేలు తగిలితే చితికిపోతోంది. ఆడచేప కడుపు చీలిస్తే గుడ్లలో సగం తెల్లబారి ఉంటున్నాయి, అవి పొదిగినా పిల్లలు కావు.

"ఈసారి వలే అక్కర్లేదమ్మా, చేత్తో ఎత్తుకొచ్చా" అన్నాడు గంప దింపుతూ ఒక ముసలి జాలరి. "పక్కకి ఒరిగి తిరుగుతున్నాయి. కొంగ వచ్చి మీద వాలినా జరగట్లేదు."

"ఎందుకు జరగవు?"

"వాసన తెలియట్లేదు వాటికి. నీళ్లలో చేపకి ముక్కే కదా కన్ను. శత్రువెవరో, సొంత గుంపెవరో తెలియకపోతే ఇక అదేం బతుకుతుంది."

కాలువకి రెండు వైపులా పొలాల్లో కలుపు మందు కొట్టడం మొదలై ఆరేళ్లయింది. కొట్టేవాళ్లలో అందరికన్నా పనిమంతుడు ఆమె సొంత అన్న. వీపుకి ట్యాంకు తగిలించుకుని, ఒక చేత్తో పంపు కొడుతూ, ఇంకో చేత్తో గొట్టం ఊపుకుంటూ గట్ల వెంట తిరిగేవాడు. పంపన్న అంటే ఎవరైనా చూపించేవాళ్లు. మనిషి నెమ్మదస్థుడు. మూడు మాటలు వరసగా మాట్లాడితే నాలుగోది వెతుక్కోవాలి. అలాంటివాడు ఆ ట్యాంకు ఎందుకెత్తుకున్నాడంటే, అమ్మ నడుం కోసం. చిన్నప్పుడు రోజూ అమ్మ బోర్లా పడుకుని, వీణ్ణి నడుం మీద నిలబెట్టి తొక్కించుకునేది. కింద అమ్మ మూలుగుతుంటే పైన వీడు పళ్లు బిగపట్టుకుని తొక్కేవాడు. అమ్మ పోయాక, ఇక ఈ పొలాల్లో ఏ ఆడమనిషీ గడ్డి కోసం నడుం వంచకూడదనుకున్నాడు. అనుకున్నంతా చేశాడు కూడా.

సాయంత్రం పని దిగాక ట్యాంకుని తూము దగ్గరే కడిగేవాడు. అమ్మ కాళ్లు కడుక్కున్న చోటే. దారిలో బోరు నీళ్లున్నా ఆగేవాడు కాదు. పని దిగినవాళ్లు తూము దగ్గర కడుక్కోవాలన్నది అమ్మ నేర్పిన అలవాటు. అక్కడ కాసేపు కూర్చుంటే అమ్మ పక్కన కూర్చున్నట్టుండేది అతనికి. అడుగున మిగిలిన మందు మూడుసార్లు నీళ్లు పోసి శుభ్రంగా ఊపి మరీ కాలువలో పోసేవాడు.

"అన్నయ్యా, ఆ ట్యాంకు ఇంకెక్కడైనా కడగకూడదూ?" అని అన్నం తినేటప్పుడు ఆమె ఎన్నోసార్లు అడిగింది.

"ఎక్కడ కడగను, నీ కత్తిపీట దగ్గరా?"

"చేపలు చచ్చిపోతున్నాయి."

"నువ్వు కోసేవి మటుకు బతుకుతున్నాయా?"

"నేను పెద్దయినవాటిని కోస్తాను. నువ్వు పెరగనియ్యట్లేదు."

"డబ్బా మీద రాసుందే. గడ్డికి తప్ప మరి దేనికీ హాని లేదట."

"అది రాసినవాణ్ణి తూము దగ్గరికొచ్చి ఆ మాట చెప్పమను. చేపకి వినబడుతుందేమో చూద్దాం."

అతను కంచంలో చెయ్యి ఆపాడు. "అమ్మ నడుం నువ్వు మర్చిపోయావేమో. నేను మర్చిపోలేదు" అన్నాడు. ఆ మాట దగ్గర ఆమె నోటికి తాళం పడేది. అమ్మకి తనేం చేసిందో అన్నకి తెలియదు. చెప్పుకునే ధైర్యం ఈ ఏడేళ్లలో రాలేదు.

ఒక మధ్యాహ్నం మార్కెట్ సద్దుమణిగి, ఆమె కత్తిపీట కడుక్కుంటుంటే అన్న వచ్చాడు. వీపున ట్యాంకు, చేతుల్లో తడి గోనెసంచీ. మొహం వెలిగిపోతోంది.

"చెల్లీ, ఇది చూడు."

సంచీ విప్పాడు. మూరన్నర పొడుగు బొచ్చె చేప. ఒళ్లంతా మసకబారి, ఒక కన్ను తెల్లబడి, మొప్పలు ఎగరేయలేక ఎగరేస్తోంది. ఆమె తోక దగ్గర పొలుసొకటి పీకి వెలుతురికి పెట్టి చూసింది. గీతలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిది.

"ఎక్కడ దొరికింది?" అంది.

"తూము గుంటలోనే. ఇవాళ పని తొందరగా అయింది, ట్యాంకు కడుగుతుంటే పక్కకి ఒరిగి పైకి తేలింది. పాతచేప కావాలని నువ్వు ఎన్నాళ్లనుంచి ఏడుస్తున్నావు. నీకోసమే పరిగెత్తుకొచ్చా."

తూము గుంటలో తొమ్మిదేళ్లు. అంటే అమ్మ కాళ్ల దగ్గరే తిరిగిన చేప. ఇన్ని వేల చేపలు కోసిన చెయ్యి, మొదటిసారి చేదుతిత్తిని కోసేసుకుంది. తల జాగ్రత్తగా చీల్చి, వేలికొనతో రెండు రాళ్లూ తీసింది. పద్ధతి ప్రకారం ఒకటి తెచ్చినవాడిదని అన్న తడి అరచేతిలో పెట్టింది. రెండోది తన చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

ముందు ఇవాళ్టి అన్న గొంతు. దగ్గు. తర్వాత ట్యాంకు గుబగుబమని మునిగిన చప్పుడు. ఆ వెంటనే నిప్పుల మీద నీళ్లు చల్లినట్టు సుయ్యిమన్న శబ్దం, చేప ఒంట్లోంచి వచ్చే శబ్దం. అది తగ్గేలోపు మళ్లీ ట్యాంకు, మళ్లీ సుయ్యిమనడం. ఒక ఏడు గడిచింది. ఇంకో ఏడు. అన్న కూనిరాగం, ట్యాంకు, మంట. ఆమె పళ్లు బిగించుకుని విన్నది. మూడేళ్లు, నాలుగేళ్లు. ఇంకో మూడేళ్లు ఓపిక పడితే అమ్మ. ఐదో ఏట చెవిలో ఏదో కరకరమంది. రోగిష్టి చేప రాయి కదా, లోపల గుల్లబారిపోయింది. చెయ్యి తీసేసరికి వేలికి సున్నం పొడి అంటుకుంది.

ఆమె చాలాసేపు ఆ పొడినే చూసింది. తర్వాత అన్నని చూసింది. వీపున ట్యాంకు ఇంకా అలాగే ఉంది, గొట్టం చివరినుంచి చుక్కలు కారుతున్నాయి.

"నువ్వే విను," అంది. అన్న చేతిలోంచి రాయి తీసి, అతని చెవిలో పెట్టి నొక్కింది. "అక్కడ ఏం పోశావో నువ్వే విను. ఒక్క రోజు కాదు, ఆరేళ్లు విను. చేప ఎలా ఏడ్చిందో విను."

అతను నోరు తెరిచి ఏదో అనబోయి ఆగిపోయాడు. మొదలైపోయింది. కూర్చోకుండా, ట్యాంకు దింపకుండా, చేపల బల్ల పట్టుకుని నిలబడి విన్నాడు. మొహంలో రంగు దిగిపోతోంది. బాగా అయింది అనుకుంది ఆమె. ఒక ఏడు, రెండేళ్లు, మూడేళ్లు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఐదో ఏడు దాటింది. ఆ రాయి గుల్లబారలేదు. దాటిపోయింది.

అప్పుడు తెలిసింది ఆమెకి, తనేం చేసిందో. అది కాలువ మొత్తంలో మిగిలిన ఆఖరి రాయి. తన అమ్మ, తన సాయంత్రం, తన ప్రాణం. కోపంలో తీసి ఇంకొకరి చెవిలో పెట్టేసింది. చెయ్యి చాచింది లాక్కోవడానికి. లాక్కుంటే గులకరాయి. చాచిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక, ఆ చేత్తోనే అన్న చెవిని గట్టిగా మూసి పట్టుకుంది, ఒక్క మాట కూడా బయటికి జారిపోకుండా. అతనికి అతి దగ్గరగా నిలబడి అతని మొహంలోకి చూసింది.

"అమ్మా" అన్నాడు అతను, ఎవరితోనో.

విన్నదంతా అయిపోయాక రాయి తీసి బల్ల మీద పెట్టాడు. ట్యాంకు దింపాడు. అప్పటిదాకా అన్నకి తెలియని సంగతి ఇప్పుడు తెలిసిపోయిందని అతని చూపులోనే ఆమెకి అర్థమైంది.

"ఆ రోజు విన్నావా?" అంది.

"విన్నా."

"ఏమంది?"

"కోపం లేదే అమ్మకి. నవ్వింది."

"ఏమని నవ్వింది? అమ్మ అన్నమాట అన్నట్టు చెప్పు."

అతను నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. "షాపు గురించి... నీ గురించి..." అని ఆగిపోయాడు. "నాకు అమ్మలా చెప్పడం రాదు చెల్లీ. కోపం మాత్రం లేదు. నన్ను నమ్ము."

ఆమె తల అడ్డంగా ఊపింది. "చిన్నప్పుడు మన పిల్లి బండి కింద పడి చచ్చిపోతే, పారిపోయింది, వేరే ఊళ్లో సుఖంగా ఉంది అన్నావు. రెండేళ్లు నమ్మాను. నువ్వెప్పుడూ అంతే అన్నయ్యా. నేను ఏడుస్తానంటే ఏ అబద్ధమైనా ఆడతావు."

"ఇది పిల్లి సంగతి కాదే."

"ఏమో. నువ్వు మంచివాడివి కాబట్టే నమ్మలేను." ఆమె కత్తిపీట ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పంపన్న మందు కొట్టడానికి వెళ్లలేదు. పెద్ద రైతు కబురు పెట్టినా కదల్లేదు. స్వయంగా వచ్చి అడిగితే, ఇక కొట్టనన్నాడు.

"మరి గడ్డి ఎవరు పీకుతారయ్యా, నీ చేపలా?"

"నేనే తీస్తా. నడుం వంచకుండా."

ఎక్కడో విని, వెతికి, నిలబడి తోసే కలుపు బండి ఒకటి తెచ్చుకున్నాడు. ముందు పళ్ల చక్రం, వెనక పొడుగాటి పిడి. వరసగా నాటిన పొలాల్లోనే నడుస్తుంది, అంటే సగం పొలాల్లో నడవదు. మందుతో ఒక పూటలో అయ్యే పనికి నాలుగు రోజులు పడుతుంది. పిలిచేవాళ్లు తగ్గిపోయారు. అతను లెక్కచెయ్యలేదు. సాయంత్రమయ్యేసరికి తూము దగ్గర హాజరు. ట్యాంకులు కడగడానికి వచ్చేవాళ్లకి గట్టు అవతల, కాలువకి దూరంగా తనే ఒక గొయ్యి తవ్వి పెట్టి, అక్కడ కడుక్కోమని బతిమాలేవాడు. వినకపోతే దారికి అడ్డంగా కూర్చునేవాడు. "ఆరేళ్లు పోసిందీ వీడే, ఇప్పుడు కాపలా కాసేదీ వీడే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని నవ్వుకున్నారు. పంపన్న పేరు పోయి తూమన్న అయ్యాడు.

అందరూ వెళ్లిపోయాక నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, కాలువతో ఏదో మాట్లాడేవాడు. మూడు మాటలకి నాలుగోది దొరకని మనిషి.

"మీ అన్న చేపలకి పాఠం చెబుతున్నాడటగా" అన్నాడు జాలరి.

ఆమెకి ఒకరోజు ఉండబట్టలేక గట్టెక్కింది. అడుగుల చప్పుడు విని అతను ఠక్కున ఆపేశాడు.

"నువ్వు వినకు. నువ్వుంటే నీకోసం తీపి చేసి చెబుతానేమో. వాటికే చెప్పనీ. రాయిలో విందువుగాని."

"రాయి పలకాలంటే చేపకి మూడేళ్లు నిండాలి."

"తెలుసు."

"ఈ కాలువలో మూడేళ్లు ఏది బతుకుతోంది అన్నయ్యా?"

"అదే చూస్తున్నా" అన్నాడు.

ఆ ఏడు తొలకరి వానలకి మళ్లీ చేపలు తేలాయి. తూము దగ్గర ఎవరూ పొయ్యకపోతే మాత్రం, ఎగువ పొలాలన్నీ కడుక్కుని వచ్చే నీళ్లని ఆపేదెవరు? తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని కొట్టుకొచ్చినవాటిని అన్న గంపకెత్తి గట్టు మీద పూడ్చాడు. ఆ సాయంత్రం కూడా కూర్చుని, మిగిలినవాటికి చెప్పాడు. ఇంట్లో అన్నాచెల్లెళ్లు అవసరమైన మాటలే మాట్లాడుకునేవాళ్లు. ఉప్పు అందుకో, తలుపేసుకో. ఆమె అతన్ని తిట్టడం మానేసింది, నమ్మడం మాత్రం చేతకాలేదు. పక్క మీద వాలితే అదే ఆలోచన. నిజంగా నవ్విందా, లేక నా మొహం చూడలేక అన్నయ్య కల్పించాడా?

రెండో ఏడు ఎగువ రైతులు ఇద్దరు కలుపు బండి ఎలా పనిచేస్తుందో చూద్దామని వచ్చారు. ఒకరు వంక పెట్టుకుని వెళ్లిపోయారు, ఒకరు పిలిచారు. ఆ వానలకి కొన్నే తేలాయి. మార్కెట్లో ఆమె కత్తి కింద అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రటి మొప్పలు కనబడసాగాయి. ఒక ఆడచేప కడుపులో గుడ్లు బంగారు రంగులో, ఒక్క తెల్లటిది లేకుండా వస్తే, ఆమె ఆ గుడ్లని చేతిలో పట్టుకుని అలా ఉండిపోయింది. కొన్నావిడకి అనుమానమొచ్చి, "పాడైపోయాయా?" అని అడిగింది. "లేదండీ, బాగున్నాయి" అంది ఆమె.

ఆ ఏడూ గడిచింది. ఆపై ఏడు నీళ్లు బాగా వచ్చాయి. అవి కూడా తగ్గుముఖం పట్టిన రోజుల్లో, మార్కెట్ మంచి రద్దీ మీదున్నప్పుడు, కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ వరసలోంచి ముందుకొచ్చి ఒక బొచ్చెని బల్ల మీద పెట్టింది. పెద్దదేం కాదు. ఆమె అలవాటుగా పొలుసు తీస్తూ చూపు ఆపింది. గీతలు మూడు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"ఆ ముసలాయన దగ్గర తీసుకున్నా. తూము దగ్గర పట్టాడట. ఏం, మంచిది కాదా?"

"మంచిదే. రాయి మీకు కావాలా?"

"నాకెందుకమ్మా, వినాల్సినవన్నీ ఇంట్లోనే వింటున్నా. ముక్కలు చిన్నవి కొట్టు, వేపుడుకి."

తల చీల్చింది. నూకంత రాళ్లు, తెల్లగా, గట్టిగా, ఎక్కడా గుల్ల లేకుండా. ఒకటి చెవిలో పెట్టుకుంది. అబద్ధమైతే నీళ్ల చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

నీళ్ల చప్పుడే వచ్చింది. కొంచెంసేపు అదే. తర్వాత ఎవరో నీళ్లలో కాళ్లు పెట్టిన అలికిడి, గొంతు సవరించుకున్న చప్పుడు. అన్న గొంతు. మగ గొంతే, బొంగురు గొంతే. కానీ మాట మీద మాట వేసుకుంటూ పోయే ఆ నడక మాత్రం అమ్మది. వెయ్యి సాయంత్రాలు చెప్పి చెప్పి నేర్చుకున్నాడు.

"ఇవాళ పిల్ల షాపుకి పోయొచ్చా. తలుపు మొత్తం అద్దమే, ఎటు తొయ్యాలో తెలిసి చావలేదు. బయటే నిలబడి చూశా. ఎవరో పెద్దాయన, కోటేసుకున్నాడు, మా పిల్ల ముందు తల వంచుకుని కూర్చుంటే అది కళ్లజోడు పెడుతోంది. అలా చూస్తూ ఉండాలనిపించింది. లోపలికి పోతే బురద కంపు అంది. మరి నేనేమన్నా అత్తరు పూసుకుని పోయానా?" ఇక్కడ నవ్వు. అన్న ఎప్పుడూ అలా నవ్వడు, కడుపులోంచి, ఊపిరి సరిపోనట్టు. "తెల్లటి నేల మీద నా అడుగులు ఇంతింత పడ్డాయి. తుడవడానికి ఎవరికి చాకిరీ అయిందో పాపం. రేపు కాళ్లు కడుక్కునే పోతాలే."

అమ్మ రేపు కూడా వద్దామనుకుంది. అంత మాట అనిపించుకుని, అది కాళ్లు కడుక్కోమన్నట్టుగా తీసుకుని, రేపు మళ్లీ షాపుకి వద్దామనుకుంది.

కత్తిపీట ముందు కూర్చుని ఆమె ఏడ్చింది. పొలుసులంటిన మోచేత్తో కళ్లు తుడుచుకుంటే పొలుసులు మొహానికంటుకున్నాయి. వరసలో వెనకున్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కళ్లజోడావిడ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

"అయిందా అమ్మా? ఇంట్లో పొయ్యి మీద నూనె పెట్టి వచ్చా."

ఆమె చెవి మీద చెయ్యి తియ్యలేదు. లోపల మళ్లీ నీళ్లలో కాళ్లు పెట్టిన అలికిడి వినబడుతోంది, అంతకు ముందురోజు సాయంత్రంది.

"కాస్త ఆగండి" అంది. "అమ్మ మళ్లీ చెబుతోంది."